కిటికీల పెట్టిన సీసా

మా పిండి గిర్నికి కారం పట్టించుకోను వచ్చేటోళ్లు తుమ్ముకుంట వచ్చి తుమ్ముకుంట పోతరు. నా భార్య ముప్పై ఏండ్లు ఆ దుమ్ముల నిలబడ్డది. ముక్కుకు ఒక బట్ట కట్టుకోవే అని ఎన్నిసార్లు మొత్తుకున్నా ఇనలే. "ముక్కు మూసుకుంటే పిండి సంగతి నాకెట్ల తెల్వాలె?" అంటుండె. గిర్నిల నుంచి పడే కారం చిటికెడు తీసి అరచేతుల ఏసుకొని, బొటనవేలుతోని ఒక్క రుద్దు రుద్ది వాసన చూస్తుండె. "అక్కా, ఇవి నిరుటి మిరపకాయలు. కొత్తయని అమ్మిండ్రా నీకు?" అని మొఖం మీదనే చెప్పేది. పసుపుల పిండి కలిపినా, గోధుమలకు చెమ్మ తగిలినా ఆమె చెయ్యి కనిపెట్టేది. ఒక్కసారి సుత తప్పు పోలే.

నేను చెప్పాలనుకున్నది వైన్ గురించి. గని ఆమె ముక్కు, ఆమె చెయ్యి లేకుంటే వైన్ గురించి నాకు తెలిసింది గుండు సున్న. అందుకే అక్కడికెల్లి మొదలుపెట్టిన.

మాది మెదక్. పెద్ద చర్చికి పోయే తొవ్వల మా గిర్ని, గిర్ని ఎనుక మా ఇల్లు. ఇద్దరం చర్చి కుటుంబాలల్ల పుట్టినోళ్లమే. మాకు పిల్లలు కాలే. మొదట్ల ఆ రంది ఉండె, తర్వాత గిర్ని మోతల అది సుత కలిసిపోయింది. క్రిస్మస్ ముందు మా దిక్కు కొన్ని ఇండ్లల్ల నల్లద్రాక్ష జాడిలకు ఎక్కుతది. నా భార్య తల్లిగారింట్ల నేర్చుకున్నది ఆ పని. ద్రాక్షను కడిగి, ఆరబెట్టి, చేతులతోని పిసికి, చక్కెర, పిడికెడు గోధుమలు, నాలుగు లవంగాలు, ఒక దాల్చిన చెక్క ఏసి, మూతికి బట్ట కట్టి మూలకు పెట్టేది. రోజు పొద్దుగాల కట్టెతెడ్డుతోని ఒక్కసారి కలిపేది. ఇరవై ఒక్క రోజులకు వడగట్టేది. పండుగకు వచ్చినోళ్లకు ఒక కేకు ముక్క, చిన్న గ్లాసుల గుక్కెడు. తియ్యగుంటది. వైన్ అంటే మాకు గదే, ఇంకోటి ఉంటదని తెల్వది.

ఉంటదని చూపించింది ఒక సారు. కాలేజీల పాఠాలు చెప్పి రిటైరైండు, మా ఎనుక గల్లీల కిరాయికి ఉంటుండె, ఒంటి మనిషి. నెలకోసారి గోధుమలు పట్టించుకోను వచ్చేటోడు. ఒక క్రిస్మస్‌కు మా ఇంట్ల వైన్ తాగి, "చెల్లె, నీ చేతుల విద్య ఉన్నది. నేనొకటి ఇస్త, తాగి ఎట్లున్నదో చెప్పు" అని తెల్లారి ఒక సీసా పట్టుకొచ్చిండు. ఎర్రది. మూతికి బెండు బిరడా.

ఆ బిరడా తీసుడు మాకు రాలే. నేను గిర్ని పానాల, స్క్రూల డబ్బా తెచ్చి, ఒక పొడుగు స్క్రూ బెండుల దించి, దాన్ని పకడుతోని పట్టుకొని గుంజిన. సీసాను తొడల నడుమ ఒత్తిపట్టి నేను గుంజుతుంటే ఆమె గోడ దిక్కు తిరిగి నవ్వుడే నవ్వుడు. "కోతికి కొబ్బరికాయ దొరికినట్టున్నది నీ సంగతి" అన్నది. ఆఖరికి వచ్చింది. స్టీలు గ్లాసులల్ల పోసుకొని తాగినం. నా మొఖం వంకర పోయింది. తీపి లేదు ఏం లేదు, పచ్చి జామకాయ కొరికినట్టు నాలుకంతా వగరు. "సారు మోసపోయిండు, గిది పాడైంది" అన్న.

ఆమె గ్లాసుల వేలు ముంచి ఒక చుక్క అరచేతుల ఏసుకొని, కారం చూసినట్టే బొటనవేలుతోని రుద్ది వాసన చూసింది. మళ్లోసారి చూసింది. "పాడు కాలేదయ్యా. స్టీలు వాసన అడ్డమొస్తుంది. చాయ్ గ్లాసులల్ల పొయ్యి" అన్నది. పోసిన. ఒక గుక్క నోట్ల పట్టి, మింగి, కొంచెంసేపు ఆగింది. "ఎండు ఖర్జూరం. చింతపండు గుజ్జు జర. మింగినంక పల్లి పొట్టు లెక్క వగరు" అన్నది. నేను మళ్ల తాగిన. ఆమె చెప్పినంక నా నోట్ల సుత ఖర్జూరం తగిలింది. ఒట్టు, అంతకుముందు తగల్లే.

ఈ సంగతి సారుకు చెప్తే మస్తు ఖుషీ అయిండు. చూడాలె, వాసన పట్టాలె, గుక్క తాగాలె, ఆగాలె, గంతే వైన్ తాగుడంటే అన్నడు. "గిర్నిల మేం రోజూ చేసేది గదే గదా సారు" అన్నది ఆమె. "గదే చెల్లె. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. పుస్తకాలల్ల మనం చూడని పండ్ల పేర్లు రాస్తరు. నీ నోటికి ఏం యాదికొస్తే అదే నిజం" అన్నడు. ఇంకోటి సుత చెప్పిండు. మన చేతికందే సీసాలు దాచేటియి కావు, కొన్నవి కొన్నట్టు తాగాలె, ఒకవేళ పెట్టినా చల్లగ, చీకట్ల, పండబెట్టి పెట్టాలె అన్నడు. గది నేను చెవినేసుకోలే. మా ఇండ్లల్ల పాత చింతపండుకు, పాత బియ్యానికి ఉన్న విలువ కొత్తదానికి ఉండది. వైన్ సుత గట్లనే అనుకున్న.

అప్పటికెల్లి మాకు ఐతారం ఐతారం వైన్. ఆ దినం గిర్ని బంద్, ముక్కులల్ల కారం ఉండది. చర్చి నుంచి వచ్చి, కూర పొయ్యి మీద పెట్టి, సీసాను అరగంట ఫ్రిజ్‌ల పెట్టేటోళ్లం. ఎర్రది చల్లగ తాగొద్దంటరు గని మెదక్ ఎండల బయట పెడితే అది చాయ్ లెక్కనే ఐతది. ఒక్కొక్కరికి చిన్న చాయ్ గ్లాసెడు. మిగిలింది బుధారం దాంక ఫ్రిజ్‌ల ఉంటది, తర్వాత రుచి పోతది, ఆమె దాన్ని మాంసం కూరల పోసేది. కారం గట్టిగున్న మటన్‌తోని వగరు వైన్ తాగితే నోరు మండుతదని, దానికి జర తియ్యగున్న తెల్లది మంచిదని ఆమెనే కనిపెట్టింది. వగరుదానికి సర్వపిండి జోడీ. ఇవన్నీ మాకు ఎవరు చెప్పలే, తాగి తిని తెలుసుకున్నం.

మా దిక్కు ఏ మందు దుకాణానికైనా వైన్స్ అనే బోర్డు ఉంటది, లోపట వైన్ మటుకు పైఅరల మూలకు దుమ్ము పట్టి ఉంటది. నేను అడిగితే దుకాణపాయన బట్ట పట్టుకొని తుడిచి ఇస్తుండె. ఎవరికో పానం బాగలేదా అని అడిగిండు ఒకసారి. చర్చిల ఒక పెద్దక్క, "ప్రభువు బల్ల కాడ గుక్కెడు చాలదా మీకు?" అని అందరి ముందర అన్నది. నాకు కోపం నెత్తికెక్కింది. నా భార్య మటుకు నవ్వుకుంట, "చాలదక్కా. అది ఆత్మకు, ఇది కూరకు" అన్నది. ఆమెతోని నోరు పెట్టుకునుడు ఎవరితరం కాకుండె.

మాకొక రివాజు ఉండె. ముందుగాల ఆమె తాగాలె. ఆమె నోరు తెరిచి చెప్పేదాంక నేను గ్లాసు ముట్టొద్దు. ఎందుకే అంటే, "నీ మొఖంల అన్నీ కనవడ్తయి. నువ్వు ముందు తాగితే నీ మొఖం చూస్తేనే నాకు తెలిసిపోతది, ఇగ నేనేం చెప్పాలె?" అని తిట్టేది. తాగినంక ఒక నోట్‌బుక్కుల రాసేది. చదివింది ఏడో తరగతే గని చేతిరాత ముత్యాలు. ఒక పేజీల, "వాసన: కొత్త చెప్పులు. రుచి: రాచ ఉసిరికాయ. ఆయనకు నచ్చింది, నాకు నచ్చలే" అని ఉంటది. ఇంకో పేజీల, "వాసన: చర్చిల పాత బెంచీలు. రుచి: ఏం లేదు. పైసలు దండుగ" అని ఉంటది.

అట్ల ఆరేడేండ్లు నడిచింది. ఒక వానాకాలం ఒక కొత్త సీసా దొరికింది. ఆమె తాగి, మళ్ల ఇంకో చుక్క చేతుల రుద్దుకున్నది. నోట్‌బుక్కుల రాసింది: "వాసన: వాన పడ్డ ఎర్రమన్ను. రుచి: నేరేడు పండు, చివరకు లవంగం. ఇద్దరికి నచ్చింది." 'ఇద్దరికి నచ్చింది' కింద గీత గీసింది. గట్ల గీత గీసింది అదొక్క పేజీలనే. మర్నాడే పోయి గదే సీసా ఇంకోటి తెచ్చిన. ఐతారం తాగుదామనుకున్నం.

ఆ ఐతారం రాకముందే గడ్డ సంగతి బయటపడ్డది. రొమ్ముల గడ్డ. రెండు నెలల నుంచి ఉన్నదట, నాకు చెప్పలే. ఎందుకు చెప్పలేవే అని ఒర్రిన. "చెప్తే నువ్వు తినుడు బంద్ చేస్తవు" అన్నది. నిజమే. నాకు గదొక రోగం, రంది పట్టిందంటే బువ్వ గొంతు దిగది. పెండ్లయిన కాన్నుంచి ఆమెకు తెలుసు.

పట్నంల దవాఖానకు తిరుగుడు మొదలైంది. బస్సు తూప్రాన్‌ల ఆగితే దిగి చాయ్ తాగేటోళ్లం. ఆపరేషన్ అయి, మందులు ఎక్కించుడు షురూ అయినంక ఒకనాడు అక్కడనే చాయ్ గుక్క తాగి గ్లాసు దించింది. "ఇనుము నాకినట్టున్నది" అన్నది. చక్కెర ఏపిచ్చిన, అయినా అంతే. తర్వాత ఇనుము సుత పోయింది, నోట్ల ఏం పెట్టినా ఏం తెల్వకపోవుడు అయింది. వాసన సుత పోయింది. అరచేతుల కారం ఏసుకొని రుద్ది చూసుకున్నది ఒకనాడు, నేను తలుపు కాడ నిలబడి చూసిన. మళ్ల రుద్దింది. కొంగుకు తుడుచుకొని లోపటికి పోయింది. జుట్టు పోయిన్నాడు ఏడ్వని మనిషి ఆ దినం ఏడ్సింది.

డాక్టరమ్మను అడిగిన. "మందుల మూలంగ పోయింది. మందులు అయిపోయిన కొన్ని నెలలకు చానామందికి వాపస్ వస్తది. రుచి వస్తే తింటది, తింటే పానం నిలబడ్తది. అప్పటిదాంక ఎట్లనన్న తినిపియ్యుండ్రి" అన్నది. వైన్ గురించి అడుగుడు సిగ్గనిపిచ్చింది గని అడిగిన. మందులు అయిపోయినంక ఎన్నడన్న ఒక గుక్క తాగితే తాగనియ్యుండ్రి అన్నది. నాకు ఇగ ఒక్కటే పట్టుకున్నది. ఆమె నాలుక వాపస్ రావాలె. నాలుక వస్తే ఆమె నాకు దక్కినట్టే.

ఇంటికొచ్చి ఆ రెండో సీసా తీసిన. "నీ నాలుక వచ్చిన్నాడు గిది తీద్దాం" అన్న. అల్మారిల పెడితే ఏం లాభం, ఆమెకు కనవడాలె గదా. మంచం మీద పండుకుంటే సూటిగ కనవడేటట్టు కిటికీల నిలబెట్టిన. పడమటి కిటికీ అది. పొద్దుమూకే ఎండ దాని మీద పడితే సీసా నిండ ఎర్రగ మెరిసేది. "మంచిగున్నదయ్యా చూస్తుంటే" అనేది ఆమె. చలికాలం పోయింది, ఎండలొచ్చినయి, సీసా గక్కడనే ఉన్నది. సారు ఉంటే తిడ్తుండెనో ఏమో, ఆయన అప్పటికే ఊరు ఇడిచి తమ్ముని దగ్గరికి పోయిండు.

వంట నేనే పట్టిన. ఆమె సగం తిని పక్కకు పెట్టేది. "మట్టి తిన్నట్టున్నదయ్యా, ఏమనుకోకు" అనేది. నేను సుత కంచం పక్కకు పెట్టేటోన్ని. "నీకు రుచి తెలిసేదాంక నాకు సుత వద్దు" అన్న ఒకసారి కోపంల. అన్నది నిలబెట్టుకున్న సుత, నా మొండితనం పాడుగాను. నడుముకు ప్యాంటు నిలవకపోవుడు, బెల్టుకు కొత్త రంధ్రాలు కొట్టుడు దాంక వచ్చింది. ఆమె అదంతా చూస్తుండె.

ఉగాది దాటినంక మందులు అయిపోయినయి. ఒక ఐతారం మామిడికాయ తొక్కు నూరిన. ఆమె ముందు పెడితే, "ముందుగాల నువ్వు తిను" అన్నది. మా రివాజుకు ఉల్టా. నీరసానికి అంటున్నదేమో అనుకొని నేను తిన్న. తర్వాత ఆమె వేలుతోని నాకి, కొంచెంసేపు ఆగి, "పుల్లగున్నది" అన్నది.

నేను ఎగిరిన. నిజంగ ఎగిరిన, యాభై ఎనిమిదేండ్ల ముసలోన్ని. గల్లీల కనవడ్డోళ్లందరికి చెప్పిన. అప్పటికెల్లి ఐతారం ఐతారం ఒకటి పరీక్ష. నిమ్మకాయ, బెల్లం, కాకరకాయ వేపుడు. ప్రతిసారి "ముందుగాల నువ్వు" అనేది, నేను తినేటోన్ని, ఆమె నా దిక్కే చూసి తర్వాత తినేది. "చేదు" అనేది. "తియ్యగున్నది, జర మన్ను తగిలింది బెల్లంల" అనేది. నాకు ఆకలి మళ్ల వచ్చింది. ఆమె తినుడు అంతంతనే, గని నాకు మాత్రం రెండోసారి అన్నం ఆమెనే పెట్టేది.

ఒకనాడు పొద్దుగాల పప్పు చేసి ఆమెకు పెట్టి గిర్నిలకు పోయిన. మధ్యాహ్నం వచ్చి నేను తింటే నోట్ల పెట్టనిస్తలేదు, ఉప్పు రెండుసార్లు ఏసిన. "గిది ఎట్ల తిన్నవే?" అన్న. ఆమె నా మొఖం చూసి, "నువ్వు చేసినవు గదా, తిన్న" అన్నది. నా మీద ప్రేమ అనుకొని మురిసిపోయిన. మనిషికి కండ్లు ఉంటే సరిపోదు.

జూన్ల మొదటి వాన పడ్డది. బస్టాండు కాడ నేరేడుపండ్ల బండ్లొచ్చినయి. ఆ ఐతారం చర్చి నుంచి వచ్చి, "ఇయ్యాల కిటికీల సీసా తీద్దామే" అన్న. ఆమె మొఖంల ఏదో కదిలింది. "ఇప్పుడెందుకయ్యా, ఇంకొన్నొద్దులు పోనియ్యి" అన్నది. సిగ్గుపడుతుందనుకున్న. పొయ్యి మీద మటన్ ఉడుకుతుంది, ఇల్లంతా ఎల్లిపాయ వాసన. సీసాను కిందికి దించితే బిరడా పక్కకెల్లి ఏదో కారి మూతికి జిగటగ అంటుకొని ఉన్నది. ఎండకు చెమర్చిందేమో అనుకొని తుడిచేసిన. బిరడా ముట్టుకుంటేనే వచ్చింది. గట్లెందుకు వచ్చిందని ఆలోచించలే. వాసన సుత నాకు అందలే, నా ముక్కు కారం దుమ్ముకు ఎన్నడో మొద్దుబారింది.

చాయ్ గ్లాసుల పోసి ఆమె చేతికిచ్చిన. "ముందుగాల నువ్వు" అన్నది. "ఊహు. ఇయ్యాల మన పాత రివాజు. నా మొఖం నీకు చూపియ్య" అని పరాచికంగ అన్న. అని ఆమెకు వీపు పెట్టి వంటింట్లకు పోయి కూర కలుపుకుంట నిలబడ్డ. ఎనుకకెల్లి ఆమె గొంతు ఇనవడ్డది, మెల్లగ, ఒక్కో మాట: "వాన పడ్డ ఎర్రమన్ను. నేరేడు పండు. చివరకు లవంగం. గొంతుల వెచ్చగ పోతుంది. మంచిగున్నదయ్యా."

తెడ్డు చేతుల ఉండంగనే నాకు ఏడుపొచ్చింది. సంతోషానికి. దేవుడు మా మొర ఇన్నడనుకున్న. కండ్లు తుడుచుకొని, నా గ్లాసుల పోసుకొని, గక్కడనే ఒక గుక్క తాగిన.

సిర్కా. ఉత్త సిర్కా. గొంతు మండింది, చెవులు జుమ్మన్నయి. ఊర్కే పులిసిందనుటానికి సుత లేదు, తొక్కుల పోసే వెనిగర్ లెక్కున్నది. ఒక్క చుక్క పసిపిల్ల నాలుక మీద ఏసినా ఉమ్మేస్తది. ఆ సిర్కాను నోట్ల పట్టుకొని, మింగి, నా భార్య నేరేడు పండు అన్నది. చుక్క చేతుల ఏసి రుద్దిందో లేదో నేను చూడలే, రుద్దినా ఏం తెలుస్తది ఆమెకు?

ఒక్క గడియల అంతా తెలిసిపోయింది. మామిడి తొక్కు, బెల్లం, కాకరకాయ, ఉప్పుల పప్పు. "ముందుగాల నువ్వు" అని నన్ను తినిపిచ్చింది నా మొఖం చదువుటానికి. ఇయ్యాల మొఖం తిప్పుకొని నేనే ఆమెను మూలకు నెట్టిన, ఆమె పాత పేజీల ఉన్నది అప్పజెప్పింది. నాలుక రాలే. ఏం రాలే. నేను కిటికీల పెట్టిన సీసా అది, ఎండల నేను మురగబెట్టిన సీసా. ఆమె కండ్ల ముందుండాలెనని పెట్టిన.

ఏం చెయ్యాలె? పోయి, నాకు తెలిసిందే అని చెప్పాల్నా? గ్లాసు పట్టుకొని పోయి ఆమె ఎదురుంగ కూసున్న. ఆమె నా మొఖం దిక్కే చూస్తుంది. "అవునే. నేరేడే" అన్న. అని గ్లాసు మొత్తం తాగిన, ఒక్క చుక్క ఇడవకుండ. ఆమె చేతుల గ్లాసు నేను తీసుకొని, "చాలు, డాక్టరమ్మ ఒక్క గుక్కనే అన్నది" అన్న. మిగిలింది మోరిల పారబోసి సీసా కడిగిన.

ఆ తర్వాత పరీక్షలు బంద్. నేను అడగలే, ఆమె చెప్పలే. ఐతారం మటన్ వండుకొని మంచిగున్నది అంటే మంచిగున్నది అనుకుంట తిన్నం. ఆమె తినుడు తగ్గుకుంట వచ్చింది. దసరా దాటినంక మళ్ల పట్నం తీసుకపోతే, రోగం ఎముకలకు పోయిందన్నరు. క్రిస్మస్ ముందొచ్చే అడ్వెంట్ మొదటి ఐతారానికి మూడొద్దుల ముందు ఆమె పోయింది. ఆ ఏడు జాడి కడగలే. చర్చిల బల్ల కాడ గుక్కెడు ద్రాక్షారసం ఇస్తే అంగీ మీద పోసుకున్న.

చానొద్దులకు నోట్‌బుక్కు తీసిన. నేరేడు పేజీ చూసుకుందామని తీసిన, దాని తర్వాత ఏమన్న ఉంటదనుకోలే. ఉన్నయి. అదే ముత్యాల రాత, జర వంకరపోయి.

"మామిడి తొక్కు. ఆయన కండ్లు చికిలించిండు. పులుపు అని చెప్పిన. అన్నం రెండుసార్లు తిన్నడు."

"బెల్లం. నవ్వు మొఖం పెట్టి, పండ్ల నడుమ ఏదో తగిలినట్టు ఆగిండు. మన్ను అని చెప్పిన. సరిపోయింది. మూడు రొట్టెలు తిన్నడు."

"పప్పు. ఆయన లేడు. ఏం తెల్వలే, మొత్తం తిన్న. తప్పైంది."

ఆఖరు పేజీ: "కిటికీల సీసా. ఆయన మొఖం తిప్పుకున్నడు. పాతది చదివినట్టు చెప్పిన. తర్వాత వచ్చి కూసుంటే ఆయన మొఖం చూసిన, పాడైన సీసా. అయినా నేరేడే అన్నడు, మొత్తం తాగిండు. ఆయనకు తెలిసిపోయింది. ఇగ నేను చెప్పొద్దు, ఆయన అడగడు. కడుపు నిండ తింటే చాలు."

ఆమెకు తెలుసు. నాకు తెలుసని ఆమెకు తెలుసు. ఐదు నెలలు ఒక్క ఇంట్ల, ఒక్క కంచం కాడ, ఇద్దరం ఒకరికొకరం మంచిగున్నదని చెప్పుకుంట బతికినం. ఆ ఐతారం నేను ఆ గ్లాసు పక్కన పెట్టి, పాడైందే, నీకు తెల్వకపాయె గదనే అని ఆమె చెయ్యి పట్టుకొని ఉంటే ఇద్దరం కూసోని ఏడ్సేటోళ్లం. ఒక్కపారన్న కలిసి ఏడ్వాలె గదా మొగడు పెండ్లాలు. గది సుత మాకు లేకుండ చేసుకున్నం. ఆమె ఒక్కతే రాసుకున్నది, నేను ఒక్కన్నే సిర్కా తాగిన. సీసాను ఎండల పెట్టుడు తెల్వక చేసిన తప్పు, దానికి నన్ను నేను మాఫ్ చేసుకుంట. ఇది మటుకు నావల్ల కాదు.

మొన్న మళ్ల నేరేడుపండ్ల బండ్లొచ్చినయి. దుకాణంల గదే సీసా ఉంటే తెచ్చిన. ఇంటికొచ్చి కిటికీల పెట్టలే, అరగంట ఫ్రిజ్‌ల పెట్టి తీసిన. చాయ్ గ్లాసుల పోసుకున్న. తాగకముందు ఒక చుక్క అరచేతుల ఏసుకొని బొటనవేలుతోని రుద్దిన, మళ్ల రుద్దిన. మొద్దుబారిన ముక్కే గని, చానాసేపటికి జర అందింది. తర్వాత తాగిన.

నేరేడే. ఈసారి అబద్ధం కాదు. ఎదురుంగ కుర్చీ ఖాళీగున్నది, నా మొఖం చూసి తెలుసుకునేటందుకు ఆమె లేదు.